బీతోవెన్ వచ్చాడు, బుట్ట తెండి!

తైవాన్‌లో కొత్తగా కాపురం పెట్టిన మనవాడికి సాయంత్రం వీధిలోంచి బీతోవెన్ ‘ఫ్యూర్ ఎలీజ్’ వినిపించింది. ఐస్‌క్రీం బండి కాబోలనుకుని చిల్లర పట్టుకుని దిగాడు. తీరా చూస్తే చెత్త లారీ! కొన్ని లారీలు పోలెండు స్వరకర్త్రి బొండజెవ్‌స్కా కట్టిన ‘కన్య ప్రార్థన’ వాయిస్తాయి. బాణీ వినపడితే చాలు, ముసలీ ముతకా సంచులతో పరుగే. చెత్త నేలను తాకకూడదు, చేతిలోంచి నేరుగా లారీలోకే వెళ్లాలి. తైపేలోనైతే 2000 నుంచి ఆ సంచీ డబ్బిచ్చి కొనాల్సిందే.

మన చెత్త బండికీ పాట ఉంది. మైకు హోరుకు కిటికీలు అదురుతాయి. వినగానే మనమూ చటుక్కున లేస్తాం, టీవీ సౌండు పెంచడానికి! బండి మలుపు తిరిగాక సంచిని ఖాళీ స్థలంలోకి గిరాటేస్తాం. అక్కడ పాటకు జనం కదులుతారు, ఇక్కడ పందులు కదులుతాయి.

మొన్న సెలవులకొచ్చిన మనవాడు పాట వినగానే అలవాటుగా సంచి పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. పక్కింటి పిన్నిగారు బుగ్గలు నొక్కుకున్నారు: ‘‘అయ్యో పాపం, అక్కడ వీడిది ఈ ఉద్యోగమా?’’