మేనకోడలి మూడ్‌బోర్డు

డిజైన్ చదివే పిల్ల ఇంట్లో ఉంటే ఏ వస్తువూ దాని మానాన అది బతకలేదు. మా చెల్లెలి కూతురు టెక్స్‌టైల్, ఫ్యాషన్ డిజైన్ కోర్సులో చేరి, హైదరాబాదులో మా ఇంట్లో దిగిన నాటి నుంచీ ఇదే వరస. మా బాత్రూం గోడ మీద చెమ్మ మరక ఒకటుంది. ప్లంబరు దాన్ని చూసి ఎస్టిమేటు వేశాడు. మా మేనకోడలు దాన్ని ఫొటో తీసి, అట్ట మీద అంటించి, కింద ‘కాలం మిగిల్చిన వర్ణాలు’ అని రాసింది. సబ్మిషన్ అయ్యేదాకా గోడ ముట్టుకోవద్దంది. ప్లంబరు వెళ్ళిపోయాడు. వర్ణాలు ఇంకో జానెడు మేర పాకాయి.

ఆ అట్ట పేరు మూడ్‌బోర్డు. ఫొటోలు, గుడ్డపీలికలు, ఎండుటాకులు, రంగుల నమూనాలు అంటించిన అట్టముక్క అది. పెళ్ళిచూపులకి ముందు చేతిలో పెట్టే బయోడేటా లాంటిదన్నమాట. పిల్ల ఎలా ఉంటుందో తెలీదు గానీ, వంశం మాత్రం గొప్పగా కనిపిస్తుంది.

మొదటి ప్రాజెక్టు కలంకారీ. మా అమ్మది బందరు పక్క పెడన. అక్కడి చెక్క అచ్చులతో తేలిగ్గా పని అయిపోతుందని ఆవిడ ఆశ. మనవరాలు మాత్రం శ్రీకాళహస్తి పద్ధతిలో వెదురు కలంతోనే గీస్తానంది. గుడ్డని ముందు కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఎండబెట్టాలట. కరక్కాయ వగరు రంగుని పట్టి ఉంచుతుంది, పాలలో కొవ్వు గీత అలుక్కుపోకుండా ఆపుతుంది. ఆ పూట పాలన్నీ గుడ్డ తాగింది, డికాక్షన్ మేం తాగాం.

నలుపు రంగు దగ్గర అసలు గొడవ వచ్చింది. తుప్పు పట్టిన మేకులు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడితే కసిమి తయారవుతుంది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఆ నీళ్ళు తగిలితే ఇనుమూ వగరూ కలిసి నల్లటి గీత తేలుతుంది. శాస్త్రం బాగానే ఉంది. కానీ మా పక్కింటాయన ఎక్సైజు శాఖలో రిటైరయ్యాడు. పులిసిన బెల్లం వాసన ఆయన ముక్కుకి కొత్త కాదు. ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి, గొంతు బాగా తగ్గించి, “ఈ వయసులో మీకెందుకండీ ఇది?” అన్నాడు. మూత తీసి మేకులు చూపిస్తే గానీ నమ్మలేదు. నమ్మాక కొంచెం నిరాశపడ్డట్టు కూడా కనిపించాడు.

చరిత్ర పాఠం వచ్చినప్పుడు మా అమ్మ కాలర్ ఎగరేసింది, ఆవిడకి కాలర్ లేకపోయినా. మన కోరమాండల్ తీరం రంగుల అద్దకం గుడ్డలు ఓడలెక్కి యూరప్ వెళ్తే, అక్కడి నేతగాళ్ళ పొట్ట కొడుతున్నాయని 1686లో ఫ్రాన్సు, 1721లో ఇంగ్లండు వాటి మీద నిషేధం పెట్టాయి. “మా బందరు గుడ్డకి అంత జడిశారూ!” అని ఆవిడ మురిసిపోయింది. మనవరాలు వెంటనే ‘నిషిద్ధ వస్త్రం’ అని కొత్త ప్రాజెక్టు ప్రకటించి, అమ్మమ్మ పెట్టెలోని పాత దుప్పటి అడిగింది. మురిపెం ఆగిపోయింది. దుప్పటి మీద నిషేధం మా ఇంట్లో కూడా అమల్లోకి వచ్చింది.

ఇక్కత్ నేత నేర్చుకోడానికి మా మేనకోడలు పోచంపల్లి వెళ్ళొచ్చింది. అందులో బొమ్మ మగ్గం మీద పుట్టదు. ఏ పోగులో ఎక్కడ ఏ రంగు రావాలో ముందే లెక్కగట్టి, మిగతా చోట ముడులు బిగించి నూలుని రంగులో ముంచుతారు. నేసేటప్పుడు ఆ చుక్కలన్నీ కలిస్తే చిలక. అంతకన్నా ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ నూలుని అటూ ఇటూ తిప్పుతూ ఒక్కో చీరకి కొన్ని వేలసార్లు చెయ్యి ఆడించాలి. ఆ పనితో తల్లి పడే భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథ కళ్ళు చెమర్చేలా చెప్పింది కదా, నా భుజం నొప్పి సంగతి కూడా అడుగుతుందేమోనని ఎదురుచూశాను. “మావయ్యా, కాస్త ఈ నూలుచిలప పట్టుకో” అంది. రెండు చేతులూ చాచి పట్టుకున్నాను. సీరియల్ మొదలైంది, అయిపోయింది, చేతులు మాత్రం దిగలేదు.

అంత చేసీ, చివరికి చిలక ముక్కు తోక దగ్గర తేలింది. కాలేజీ జ్యూరీలో ఒకాయన దాన్ని దీక్షగా చూసి, ఆకృతిని విచ్ఛిన్నం చేసి కొత్త ప్రశ్నలు లేవనెత్తిందని మెచ్చుకున్నాడట. దాని ఫొటోనే పోచంపల్లిలో పని నేర్పిన పెద్దాయనకి పంపింది. “ముడి జారిందమ్మా” అన్నాడు.

పరాయి దేశాల ప్రేరణలూ తక్కువేం కాదు. 1937లో స్కియాపరెల్లి అనే ఫ్యాషన్ డిజైనరు డాలీ అనే చిత్రకారుడి చేత తెల్లటి పట్టు గౌను మీద పెద్ద సముద్రపు రొయ్య బొమ్మ వేయించింది. “పులుసు ఒలికిందనుకోరూ?” అని మా అమ్మ అనుమానం. అదే జంట చెప్పు ఆకారంలో టోపీ కూడా చేసింది. “ఇదేం కొత్తే! భరతుడు ఎప్పుడో పెట్టుకున్నాడుగా నెత్తిన” అంది అమ్మ. 1965లో ఈవ్ సాన్ లారాన్ అనే డిజైనరు మాండ్రియన్ అనే చిత్రకారుడి గళ్ళ బొమ్మలని గౌన్లుగా కుట్టించాడని విన్నాక మాత్రం నేనే వెళ్ళి మా వంటింటి కిటికీ గ్రిల్లుకి అడ్డంగా నిలబడ్డాను. అప్పటికే ఫొటో తీసేసింది.

నాకు అర్థమైందేమిటంటే, ప్రేరణకి కరువు ఎప్పుడూ లేదు. సిద్దిపేట నేతగాళ్ళు తలమీద కుండతో పోయే గొల్లభామని చూశారు, చీరలో నేశారు. కాన్సెప్ట్ నోట్ రాయలేదు. ఆ గొల్లభామ నెత్తిన కుండ మాత్రం ఇప్పటికీ సూటిగానే నిలబడి ఉంది. చూడటం అందరికీ వచ్చు. చూసింది పోగు తప్పకుండా బట్టలోకి దింపేటప్పుడే చిలకల ముక్కులు జారేది. మా పిల్లకి ఈ సంగతి నాకంటే ముందే తెలిసింది. ‘విచ్ఛిన్నమైన’ చిలకకి మార్కులు వచ్చినా సరే, మళ్ళీ మొదటి ముడి నుంచి కట్టింది. రెండో చిలక ముక్కు ముక్కు దగ్గరే ఉంది. దానికి మార్కులు తగ్గాయి.

ఆఖరి ఏడాది కలెక్షన్‌కి ప్రేరణ నేనేనట. పేరు ‘మధ్యాహ్నం మావయ్య’. భోజనం చేసి పడుకున్న మధ్యతరగతి మగవాడి బట్టల్లో ఒక విశ్రాంతి తత్వం ఉందని నాలుగు పేజీలు రాసింది. నా పాత లుంగీలు మూడు కలిపి జాకెట్టు కుట్టింది. నిజం చెప్పాలంటే బావుంది. అతుకుల దగ్గర గళ్ళకి గళ్ళు కలిశాయి. రాంప్ మీద దాన్ని వేసుకుని నడిచిన కుర్రాడికి పొట్ట లేదు, కాబట్టి తత్వం పూర్తిగా పలకలేదు.

కాస్టింగ్ షీటు చూపించమన్నాను. కుట్టుదారం, గుండీలు, లైనింగు, ఆటో ఛార్జీలు రూపాయి తేడా లేకుండా వేసింది. లుంగీల ఎదురుగా ‘పునర్వినియోగ సామగ్రి, సున్నా’ అని ఉంది. ప్రేరణకి అసలు గడే లేదు. ఇదేమిటని నిలదీశాను. “ఇంట్లో దొరికేదానికి బిల్లు అడగరు మావయ్యా” అంది. మా ఆవిడ ఆ మాట రెండోసారి చెప్పించుకుని మరీ వింది. ఆ రాత్రి నుంచి వంటకి బిల్లు ఎవరికి వేయాలా అని ఆలోచిస్తోంది.