కొండెక్కని బండికి కోతలెక్కువ

షోరూం నుంచి జీపు ఇంటికొచ్చిన మర్నాడే మన కుర్రవాడికి దాని మీద అసంతృప్తి మొదలవుతుంది. కంపెనీ ఇంజనీర్లు ఏళ్ల తరబడి లెక్కలు కట్టి తయారుచేసిన చాసీ అతని కంటికి కురచగా కనిపిస్తుంది. వెల్డింగ్ షాపు మేస్త్రి బండి చుట్టూ ఒకసారి తిరిగి, చాక్‌పీసుతో గీత గీసి, "ఇక్కడ కోసి అరడుగు అతికిద్దాం సార్, గోదారైనా దాటేస్తది" అని అభయమిస్తాడు. ఆ బండి రోజూ దాటేది కాలేజీ గేటు ముందున్న స్పీడ్ బ్రేకర్‌ని.

ఇక లిఫ్ట్ కిట్ వేస్తే బండి లేస్తుంది, దాంతోపాటు గురుత్వ కేంద్రమూ లేస్తుంది. మలుపులో బోల్తా కొట్టడానికి అంత వీలు. టైర్ల సైజు పదోవంతు పెంచితే మీటరు 60 చూపిస్తుంటే బండి 66లో పోతుంటుంది. చలానా వస్తే మాత్రం తప్పు కెమెరాదే! పాడేరు ఘాట్‌లో సర్వీసు జీపు చాసీ ముట్టుకోకుండానే, నెత్తిన కూడా జనాన్నెక్కించుకుని కొండెక్కుతుంది. అది వేరే నేరం, వదిలేయండి.

చట్టానికి ఈ కళాపోషణ బొత్తిగా తెలీదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటితో తేడా పడేలా బండిని మార్చకూడదు. సీఎన్జీ కిట్టుకు, దివ్యాంగుల కోసం చేసే మార్పులకు దారి ఉంది, అదీ నిబంధనల మేరకే. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే ఖరాకండిగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణ ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదంటే రెండూ అంది. హోటల్ బిల్లులాగా ఐటమ్‌కింత అని లెక్క వేసుకోవచ్చు.

రిజిస్ట్రేషన్ రోజున చాసీ నంబరు మీద పెన్సిల్ రుద్ది అచ్చు తీస్తారు. ఆర్సీలో వీల్‌బేస్ మిల్లీమీటర్లలో ఉంటుంది. 2020లో వచ్చిన థార్‌కైతే 2450. రోడ్డు మీద టేపు పెట్టి దాన్ని కొలిచే బ్రేకిన్‌స్పెక్టరు ఎదురైతే దండం పెట్టాలి. ఆపేది మాత్రం హెల్మెట్ లేని పాలవాణ్ని. బుల్ బార్లు వద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. నాయకుల కాన్వాయ్‌లలో బళ్ల మూతులు చూస్తే ఆ ఉత్తరం ఇంకా దారిలోనే ఉందనిపిస్తుంది.

అందరికన్నా శ్రద్ధగా చట్టం చదివేవాడు బీమా సర్వేయరు. యాక్సిడెంటైన మర్నాడు బండి కిందికి దూరి, రంగు పూసి దాచిన వెల్డింగ్ అతుకును టార్చిలైటు వేసి పట్టుకుంటాడు. అక్కడ మేస్త్రి అభయం చెల్లదు, మావయ్య ఎమ్మెల్యే అయినా అతుకు అతుకే.

కాబట్టి బాబూ, చాసీ కోయించే ముందు ఆర్సీ, పాలసీ కాగితం ఒకసారి చదువు. చదివాక కూడా చెయ్యి దురద ఆగకపోతే, ఆ బండిని నీ సొంత పొలంలో తిప్పుకో. రోడ్డు మీద మేమూ నడుస్తున్నాం.