తండ్రి రాసిన ఉత్తరం

పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త ఫానీ మెండెల్సన్ తండ్రి దుర్మార్గుడు కాడు. ఒహాయోలో నేను పనిచేసే చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో పిల్లలకు ఏటా ఈ ఒక్క ముక్క నచ్చజెప్పడమే నాకు అన్నిటికన్నా కష్టం. పొద్దున పియానో, మధ్యాహ్నం సంగీత చరిత్ర, రెండూ నేనే చెబుతాను. చరిత్ర క్లాసుకు కెమిస్ట్రీ వాళ్లూ వస్తారు, ఎకనామిక్స్ వాళ్లూ వస్తారు. వాళ్లకు కథలో ఒక విలన్ ఉండి తీరాలి.

ఆబ్రహాం మెండెల్సన్ బెర్లిన్‌లో బ్యాంకరు. కూతురు ఫానీకీ, తర్వాత పేరుమోసిన స్వరకర్త అయిన కొడుకు ఫీలిక్స్‌కీ తేడా చూపకుండా ఒకే గురువుల్ని పెట్టాడు. పియానోకు లుడ్విగ్ బెర్గర్, స్వరరచనకు జెల్టర్. పదమూడేళ్లకే ఫానీ బాఖ్ ప్రెల్యూడ్లు ఇరవై నాలుగు చూడకుండా వాయించి నాన్నకు వినిపించింది. అంత పిల్లకు 1820లో ఆ నాన్నే ఉత్తరం రాశాడు: సంగీతం తమ్ముడికి బతుకుతెరువు కావచ్చు, నీకు మాత్రం అలంకారంగానే ఉండాలి అని. ఇరవై మూడో పుట్టినరోజుకు మళ్లీ రాశాడు: ఆడపిల్లకు అసలు పని ఇల్లు దిద్దుకోవడమే, దానికి సిద్ధపడమని. అది 1828. ఫానీ పియానోకు 'ఈస్టర్ సొనాటా' రాసిన ఏడాది కూడా అదే.

ఆ సొనాటా గతి వింటే కడుపు తరుక్కుపోతుంది. రాతప్రతి మీద ఉన్నది 'ఎఫ్. మెండెల్సన్' అని మాత్రమే. ఇంకేం, తమ్ముడిదే అనుకున్నారు. 1970లలో రికార్డు కూడా ఫీలిక్స్ పేరుతోనే వచ్చింది. 2010లో ఏంజెలా మేస్ క్రిస్టియన్ అనే పరిశోధకురాలు ఆ ప్రతిని పట్టుకుని, చేతిరాతనూ పుటల అంకెలనూ పోల్చి చూసి, ఇది అక్కదని తేల్చింది. ఫానీ పేరు పెట్టి లండన్‌లో వాయించింది 2017 మార్చి 8న. అప్పటికి ఆమె పోయి నూట డెబ్భై ఏళ్లు కావస్తోంది.

పోయిన ఏడాది ఆ సొనాటాను నా దగ్గర నేర్చుకుంది డల్లాస్ నుంచి వచ్చిన తెలుగమ్మాయి. రెండో భాగంలో ఫ్యూగ్ ఉంది, అంటే ఒకే బాణీని పలు గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచన. అందులో నడిమి గొంతును ఒకోసారి కుడి బొటనవేలు పలికించాలి, ఒకోసారి ఎడమది అందుకోవాలి. బొటనవేలు మొద్దు వేలు. కాస్త ఏమరిస్తే పైగొంతును తొక్కేస్తుంది, భయపడి తేలిక చేస్తే తనే మునిగిపోతుంది. నడిమి గొంతును నోటితో పాడుతూ మిగతావి చేత్తో వాయించమన్నాను. చాలామంది పిల్లలు సిగ్గుపడి మానేస్తారు. ఈ పిల్ల మానలేదు. ప్రాక్టీసు గది ముందునుంచి రాత్రి వెళ్తుంటే సన్నగా ఆ పాట వినపడేది. ఒకరోజు నోరు మూసుకుని వాయించింది. గొంతులన్నీ వేటికవి విడిగా వినపడ్డాయి. ఇలాంటి పొద్దు కోసమే ఈ ఉద్యోగంలో ఉన్నాను నేను.

ఆ పిల్ల కూర్చునే చరిత్ర క్లాసులో అప్పుడే ఒక పని ఇచ్చాను. ఆబ్రహాం మీరే అనుకుని ఫానీకి ఉత్తరం రాయండి, విలన్ కనబడ్డాడా మార్కులు తగ్గిస్తాను అని. ఎంత చెప్పినా దాదాపు అందరి ఉత్తరాల్లోనూ విలనే మీసం మెలేశాడు.

ఆ అమ్మాయి ఉత్తరం చదువుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఎక్కడా గద్దింపు లేదు. 'పియానో మానెయ్యమని ఎవరన్నారు తల్లీ? ఇంట్లో నీ పియానో నీకుంటుంది. నలుగురు వచ్చినప్పుడు వాయించు, విని మురిసిపోతాను. కానీ బతుకు వేరు. దానికి కాపురమే ఆధారం. వట్టి చేతులతో ఈ ఊరొచ్చిన వాళ్లం మనం. నేను పడ్డది నువ్వు పడకూడదనే నా తాపత్రయం. రేపు నేను లేకపోయినా నీకు బెర్లిన్‌లో లోటు ఉండకూడదు.'

వట్టి చేతుల మాట కింద గీత గీశాను. ఆబ్రహాం తండ్రి, తత్త్వవేత్త మోజెస్ మెండెల్సన్, 1743లో పద్నాలుగేళ్ల పేద కుర్రాడిగా బెర్లిన్ చేరాడు. క్లాసులో నేనా సంగతి చెప్పనే లేదు. నూటికి నూరు వేసి, సాయంత్రం పిల్లను గదికి పిలిచాను.

"చాలా లోతుగా చదివావమ్మా. మోజెస్ సంగతి ఎక్కడ దొరికింది నీకు?"

"మోజెస్ ఎవరు, ప్రొఫెసర్?"

వట్టి చేతుల వాక్యం చూపించాను.

"అది మా నాన్నది," అంది. "అదొక్కటే కాదు, ఉత్తరం మొత్తం ఆయనదే. పోయిన ఆదివారం వాట్సాప్‌లో పెట్టారు. డల్లాస్ తీసేసి బెర్లిన్ అని రాశాను. కంప్యూటర్ సైన్స్ అని ఉన్నచోటల్లా కాపురం అని మార్చాను."