ఉగ్గుగిన్నె మాట

నేను ఉగ్గుగిన్నెని. గుప్పిట్లో ఇమిడే వెండి గిన్నె, ఓ పక్కకి సాగిన చిన్న కొమ్ము, అంతే నా ఆకారం. గోదావరి పాయల నడుమ ఐ.పోలవరంలో, కొబ్బరిచెట్ల నీడన ఉన్న వంటింట్లో నా చోటు. చిన్ననాటే అబ్బిన విద్యని ఉగ్గుపాలతో వచ్చిందంటారు. ఆ మాటలో నాకూ వాటా ఉంది. అందుకే నా కొమ్ము సంగతి నేనే చెప్పాలి. అది పొయ్యడానికి పుట్టింది. కాళ్ళ మీద పడుకోబెట్టి నోట్లోకి వంచితే బిడ్డ మింగక తప్పదు. ఏడుస్తున్న నోట్లో పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. మొహం తిప్పుకోవడం, పెదవులు బిగించడం, చెంచా నెట్టెయ్యడం మాటలు రాని బిడ్డ చెప్పే 'చాలు'. ఆ మాట వినకుండా పోసినకొద్దీ కడుపు చెప్పేది లెక్కచెయ్యనక్కర్లేదని వాడికి మనమే నేర్పినట్టు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల పని. ఎంత తినాలన్నది బిడ్డ పని.

పిల్లల ఇష్టానికి వదిలేస్తే తీపి తప్ప ఏదీ ముట్టరని భయం. క్లారా డేవిస్ అనే వైద్యురాలు 1920లలో మొదలుపెట్టి, అప్పుడే పాలు మాన్పించిన 15 మంది శిశువుల ముందు 34 రకాల పదార్థాలు ఉంచి, బతిమాలకుండా తిననిచ్చారు. ఒక్కొక్కరి తిండి ఒక్కో తీరున సాగినా అందరూ ఆరోగ్యంగా పెరిగారు. అయితే ఆ 34లో పంచదార లేదు. పెద్దల అధికారం ఉండాల్సింది అక్కడే. అది అమెరికా కథ, మన బక్కపిల్లలకి పనికిరాదంటారా? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్గొండ జిల్లాలో 60 గ్రామాల్లో 600 మంది తల్లీబిడ్డలతో చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. అనుబంధాహారం గురించి తల్లులకి నేర్పిన ఊళ్ళలో పిల్లల తిండి మెరుగైంది. దానితోపాటు బిడ్డ సైగలు గమనిస్తూ తినిపించడం, ఆడించడం కూడా నేర్పిన చోట మానసిక వికాసమూ హెచ్చింది. బరువు తగ్గుతున్న బిడ్డనీ, జబ్బుపడ్డ బిడ్డనీ డాక్టరుకి చూపించాల్సిందే. అప్పుడు కూడా కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టాలి గానీ కుక్కకూడదు.

బలవంతం లేకుండా తినిపించడం మన పద్ధతి కాదనే మాట మాత్రం నేను ఒప్పుకోను. అన్నప్రాశన నాడు పుస్తకం, బంగారం, పువ్వు ముందుంచి, పాకుతున్న బిడ్డ దేన్ని పట్టుకుంటాడోనని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూస్తారు. ఎవరూ వాడి చెయ్యి పట్టి లాగరు. ఆ ఓర్పు మర్నాటి ముద్ద దగ్గర ఎందుకుండదు? చందమామని చూపించి కబుర్లు చెబుతూ గోరుముద్ద పెట్టడం ఒత్తిడి కాదు, బిడ్డ నోరు తెరిచేదాకా ఆగితే. బూచాడని బెదిరించడం, ఫోనులో బొమ్మలు చూపిస్తూ ఏమరుపాటున నోట్లో దూర్చడం ఒత్తిడే. మెత్తగా ఉడికించిన బీరకాయని ఈరోజు ఉమ్మేస్తే రేపు మళ్ళీ చిటికెడు పెట్టాలి. కొత్త రుచి అలవాటవడానికి పది, పదిహేనుసార్లు పట్టడం మామూలే. నాలోనూ నిండా పొయ్యనక్కర్లేదు. అడుగున రెండు ముద్దల పప్పన్నం కలిపి, కొమ్ము అవతలికి తిప్పి నేలమీద పెడితే, బిడ్డ వేళ్ళు వాటంతటవే అంచు దాటి లోపలికొస్తాయి.