ఒంటరి పయనం, జమాఖర్చులు

మా బుక్కపట్నంలో మనిషి ఒంటరిగా ఊరు దాటడానికి సమ్మతమైన కారణాలు రెండే: కోర్టు వాయిదా, అప్పు వసూలు. వాయిదాకైనా సాక్షులు తోడొస్తారు, వాళ్ల భోజనం ఖర్చు మనదే. తిరుపతికంటే వీధి వీధంతా కదులుతుంది. ఆసుపత్రికంటే జబ్బు ఒకరిది, క్యారియర్లు ఐదిండ్లవి. అట్లాంటి ఊళ్లో "నేనొక్కన్నే ఫిజీకి పోతాండా" అని నోరు జారాను. అదీ ధర్మవరం నుంచి మామ వచ్చి కూర్చున్న పూట.

మామకు మగ్గాలున్నాయి. పట్టుచీర అంచులో పోగు తప్పితే వీధి చివర నుంచే పట్టేస్తాడు. అట్లాంటి కన్ను నా మీద పడింది.

"యాడుందది?"

"పసిఫిక్ సముద్రంలో, మామా. దీవి."

"మనోళ్లెవరన్నా పోయినారా ఆడ?"

"ఎవరూ పోలేదు."

"పెండ్లా?"

"కాదు."

"మరి పనేంది?"

"పనేం లేదు. చూసొస్తా."

పని లేదు, పిలుపు లేదు, తోడు లేదు, పైగా డబ్బు సొంతం. మామ కాసేపు నా మొహం చూసి, మా అమ్మ వైపు తిరిగాడు. "వీని జాతకం యాడన్నా సూపిచ్చినారాక్కా?"

నిజానికి ఈ పిచ్చి అంటించింది పుట్టపర్తి. మా ఊరికి కూతవేటు దూరం. చిన్నప్పుడు అక్కడ చూసిన విదేశీయులు నా కళ్లలోంచి పోలేదు. భుజాన ఒక సంచీ, ఒంటి మీద తెల్లబట్టలు, పక్కన ఎవరూ ఉండరు. ఏ దేశం నుంచో వచ్చి, గది బాడుగకు తీసుకుని, కూరగాయల అంగట్లో టమోటాలు తూచేటప్పుడు తక్కెడ ముల్లు మీద నుంచి చూపు తిప్పేవాళ్లు కాదు. అంత దూరం వచ్చింది భక్తితోనే కావచ్చు, ముల్లు దగ్గర మాత్రం మా అవ్వకు ఏమాత్రం తీసిపోరు. వాళ్లనెవరూ "పనేంది" అని నిలదీయలేదు. అంత దూరం నుంచి వాళ్లు ఇటు రాగా లేనిది, నేను అటు పోతే తప్పేంటి?

ఫిజీనే ఎందుకంటే, మన పాసుపోర్టుకు ముందుగా వీసా అక్కర్లేదు. దిగినాక ముద్ర వేస్తారు, వాపసు టికెట్టు చూపిస్తే చాలు. వీసా ఖర్చు మిగిలింది, అది నా ఖాతాలో మొదటి జమ. ఇక మూడువందల పైచిలుకు దీవులున్న దేశం, అందులో మనుషులుండేవి మూడోవంతే. మిగతా వాటిలో ఏదో ఒకటి నాలాంటి ఒంటరివాడి కోసం ఖాళీగా ఉండకపోతుందా అనుకున్నాను.

అయితే పసిఫిక్ దీవుల వాళ్ల ప్రకటనల్లో ఒంటరివాడికి చోటు లేదు. నీళ్ల మీద గుడిసె, గుడిసెలో మంచం, మంచం మీద తువ్వాళ్లను మడిచి చేసిన రెండు హంసలు. రెండే ఎందుకు? ఒక్కడివే వస్తే ఒక హంసను తీసేసి సగం డబ్బులు తగ్గిస్తారా అంటే, లేదు. ఒక్కడివైనా ఇద్దరి రేటే. కాబట్టి హంసలను కొత్త దంపతులకు వదిలేసి, వరసగా పై మంచాలూ కింది మంచాలూ ఉండే డార్మిటరీలో ఒక పడకకు డబ్బు కట్టాను.

మా పక్కనే, పుట్టపర్తిలో, విమానాశ్రయం ఉంది. కాకపోతే రోజువారీ విమానాలు లేవు. కనుక కొత్తచెరువు మీదుగా పెనుకొండ చేరి, బెంగళూరు బస్సెక్కాను. తెలియనివాళ్లు బెంగళూరు నడిబొడ్డు దాకా పోయి, మళ్లీ వెనక్కి విమానాశ్రయానికి టాక్సీ పట్టుకుంటారు. మా సీమవాడికి ఆ ఖర్మ లేదు. హైదరాబాదు రోడ్డు మీదే దేవనహళ్లి తగులుతుంది, అక్కడే దిగితే సరి. ఇది రెండో జమ. అక్కడి నుంచి సింగపూరు మీదుగా నాందీకి విమానం, టికెట్టు ముందే కొన్నాను. ఆ దెబ్బకు నా డబ్బులో ముప్పాతిక వంతు గాల్లో కలిసింది, కాబట్టి జమల లెక్క అంతటితో ఆపేశాను.

నాందీ విమానాశ్రయంలో దిగగానే పూల చొక్కాలేసుకున్నవాళ్లు గిటార్లు పట్టుకుని "బూలా" అని పలకరిస్తూ పాట ఎత్తుకున్నారు. ఎంత బాగా పాడారంటే, పాట అయినాక పళ్లెం పడతారేమోనని గబగబా నడిచాను. పళ్లెం రాలేదు. ఊరికే పాడారు. ఆ దేశం మీద నాకు అనుమానం మొదలైంది అక్కడే.

మార్కెట్లో అనుమానం ఇంకా ముదిరింది. అక్కడ తూకం తక్కువ, పోగులు ఎక్కువ. కర్రపెండలం పోగు, చేమదుంపల పోగు, వంకాయల పోగు, ఒక్కోదానికీ అట్టముక్క మీద ధర రాసి ఉంటుంది. మా కొత్తచెరువు సంతలోనూ పోగులు పెడతారు, కానీ అవి బేరానికి పునాది మాత్రమే. నేను అలవాటు ప్రకారం రెండు డాలర్ల పోగును ఒకటిన్నరకు అడిగాను. అంగడామె నవ్వింది. నేను పోయినట్టు నటిస్తూ నాలుగడుగులు వేశాను. వెనక్కి పిలవలేదు. తిరిగి చూస్తే చెయ్యూపి "బూలా" అంటోంది. వాళ్లకు బేరం అనే ఆచారమే లేదట. మనిషిని ఇంతకన్నా నిరాయుధుణ్ణి చేయడం కుదరదు. చివరికి రెండు డాలర్లూ ఇచ్చి, ఊరికే నిలబడ్డాను. నా నిలబాటు చూసి ఆమె ఒక మిరపకాయల గుప్పెడు సంచీలో వేసింది. కొసరు! పేరు తెలియకపోయినా పద్ధతి తెలుసన్నమాట.

డార్మిటరీ వంటింట్లో కుర్రకారు ఎవరి గిన్నెలో వాళ్లు, ఎవరి సేమ్యా లాంటిది వాళ్లు ఉడకబెట్టుకుంటున్నారు. ఒకరి గిన్నెలోకి ఒకరు తొంగిచూడరు. నేను కర్రపెండలం ఉడకబెట్టి, చెనిక్కాయల పొడి చల్లుకుని తిన్నాను. పొట్ట నిండింది. కానీ పక్కవాడు "కూరేంటి?" అని అడగని భోజనం ఎంత చప్పగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఆ గదిలో నాకు చెడ్డపేరు తెచ్చింది మామ. వాళ్ల గడియారం మనకన్నా ఆరున్నర గంటలు ముందు. మామ రాత్రి తొమ్మిదికి సంగటి తిని, చెయ్యి కడుక్కుని, ఫోను తీస్తే మాకు తెల్లవారుజాము మూడున్నర. అన్ని మంచాలూ లేచేవి.

రాజధాని సువాకు పోయింది బస్సులోనే. సెలవులకొచ్చినవాళ్లు ఏసీ బస్సులెక్కుతారు. ఊరివాళ్లెక్కే బస్సులకు కిటికీ అద్దాలుండవు, చుట్టిపెట్టిన టార్పాలిన్లుంటాయి. వాన రాగానే ఎవరి వరస టార్పాలిన్ వాళ్లు చటుక్కున దించుకుంటారు. నాకది తెలియదు, తెలిసినా దించను. అనంతపురంలో ఏడాదంతా కలిపి పడేది 550 మిల్లీమీటర్లు. సువాలో మూడువేలు. మా ఐదేళ్ల పైచిలుకు వాన వాళ్లకు ఒక్క ఏడాదిలో పడిపోతుంది. టార్పాలిన్ దించి దాన్ని అడ్డుకోవడానికి నాకు చేతులెట్లా వస్తాయి? తడుస్తూ కూర్చుని మామకు ఫోను చేశాను.

"మామా, పొద్దున్నుంచి ఒకటే వాన."

మామ గొంతులో మొదటిసారి గౌరవం వినబడింది. "అదునుకు పడిందా?"

"వీళ్లకు అదునంటూ ఏం లేదు మామా. ఎప్పుడూ పడతానే ఉంటాది."

"చెరువులెన్ని నిండినాయి?"

"చెరువు ఒక్కటీ కనబళ్లేదు."

"మరి నీళ్లన్నీ?"

"సముద్రంలోకి."

"అన్నీనా?"

"అన్నీ."

మామ లైను పెట్టేశాడు. తప్పు పట్టలేం. చిత్రావతి నీళ్లకు ఎప్పుడో బుక్కరాయల కాలంలో కట్ట కట్టిన ఊరు మాది. ఆ చెరువు నిండి మరవ పారితే పండగ చేసుకుంటాం, పారని ఏళ్లు దాని గురించి మాట్లాడుకుంటాం. అట్లాంటి ఊరివాడికి ఈ వార్త చెప్పాల్సింది కాదు.

ఫోనులో నేను అరిచిన అరుపులన్నీ పక్క సీటు పెద్దాయన విన్నాడు. చెరుకు సాగు చేసి, తోటలు కొడుకులకప్పజెప్పి, మనవరాలిని చూడ్డానికి పోతున్నాడట. ఆయనది ఫిజీ హిందీ, పాత భోజ్‌పురీ, అవధీల నుంచి పుట్టింది. నాది హిందూపురం చింతపండు మార్కెట్లో పట్టుబడిన హిందీ. రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టలేదు కానీ పలకరించుకున్నాయి.

"నీతో ఎవరొచ్చారు?" అన్నాడు.

"ఒక్కడినే."

ఆయన మొహం మారిపోయింది. గొంతు తగ్గించి అడిగాడు: "ఇక్కడ మీవాళ్లెవరైనా పోయారా?"

పదకొండువేల కిలోమీటర్ల పైన ఎగిరొచ్చి మా మామ పక్క సీట్లోనే కూర్చున్నానన్నమాట.

ఆ సాయంత్రమే ఆయనతో పాటు ఆ మనవరాలి ఇల్లు చేరాను. చేరకుండా ఉండే దారులన్నీ ఆయన మూసేశాడు. హాల్లో పెళ్లి ఫోటోల పక్కన, అద్దాల చట్రంలో ఒక కాగితం నకలు. ముత్తాత వలస పాసు. అట్లాంటి పాసుల మూలప్రతులు సువాలో జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చ, జిల్లా, తాలూకా, ఊరు. జిల్లా దగ్గర వేలుపెట్టి చూపించాడు: నార్త్ ఆర్కాట్.

1879 నుంచి 1916 దాకా ఓడల్లో ఫిజీకి తెచ్చిన మనవాళ్లు అరవైవేల పైచిలుకు. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఎక్కించడం మొదలుపెట్టారు. దక్షిణాది నుంచి ఎక్కువమంది వచ్చింది నార్త్ ఆర్కాట్ నుంచే, విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లూ ఉన్నారు. ఓడ ఛార్జీ ఉచితం. మగవాడికి రోజు పనికి ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు, అదీ ఆ పూట పని పూర్తయితేనే. ఒప్పందం ఐదేళ్లు. ఉచిత వాపసు టికెట్టు పదేళ్లయినాకే. ఉండడానికి పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గది. పెళ్లికాని మగవాళ్లయితే ఒక్కో గదిలో ముగ్గురు. నా డార్మిటరీ గురించి ఫిర్యాదు చేయడానికి ఆ హాల్లో నోరు రాలేదు. ఆయన ముత్తాతది కూడా చవక ప్రయాణమే, ఒంటరి ప్రయాణమే, కాకపోతే చూసిరావడానికి కాదు.

"నార్త్ ఆర్కాటంటే ఎక్కడ?" అని పెద్దాయన అడిగాడు. తమిళనాడని ఎవరో చెప్పారట. అప్పటి నార్త్ ఆర్కాట్‌లో చిత్తూరు కూడా ఉండేదని, 1911లో విడదీసి కడప తాలూకాలు కొన్ని కలిపి జిల్లా చేశారని చెప్పాను. పాసులో తాలూకా పేరు చదివి, అక్కడి నుంచి మదనపల్లి, మదనపల్లి నుంచి కదిరి, కదిరి నుంచి బుక్కపట్నం బస్సు రూటు గీసి చూపించాను. ఆ గీత గీయకుండా ఉండాల్సింది. పెద్దాయన దాన్ని కాసేపు చూసి, వంటింట్లోకి కేకేశాడు. నేను వాళ్లకు అల్లుడి వరసయ్యాను.

అంతటితో ఒంటరి ప్రయాణం ముగిసింది. అల్లుణ్ణి డార్మిటరీలో పడుకోనిస్తారా? ముందే డబ్బు కట్టిన నా పడక రోజూ తనే పడుకుంది. మునగాకు వేపుడు, కరివేపాకు తాలింపు, చేమాకు కూర, రొట్టె. రెండో ఇంట్లోనూ అదే, మూడో ఇంట్లోనూ అదే. ఒక ఇంటి నుంచి నేను కదలకముందే పక్క ఊరి ఇంటికి ఫోను పోయేది. దుకాణాల బోర్డుల మీద నాయుడు, రెడ్డి అని కనబడితే కారు ఆగేది, నన్ను దించి చూపించేవాళ్లు. దక్షిణాదివాళ్లు 1926లో పెట్టిన సంగం గురించి ఒకరు, తెలుగువాళ్లు 1941లో వేరుగా పెట్టుకున్న ఆంధ్ర సంగం గురించి ఇంకొకరు చెప్పారు. రెండు సంఘాలూ ఎందుకు విడిపోయాయని అడగలేదు. మనవాళ్లు ఒక చోట ఉండి విడిపోకపోతేనే అడగాలి. నాందీ సుబ్రహ్మణ్యస్వామి గుడికి వ్యానులో పోయాం, పక్కింటి ఫిజీ కుటుంబంతో సహా.

సాయంత్రాలు నంగోనా. దాన్నే కావా అంటారు, ఇండ్లల్లో మాత్రం గ్రాగ్ అనే మాటే వింటాం. ఒక మొక్క వేరు దంచి నీళ్లలో పిసికి, కొబ్బరి చిప్పలో ఇస్తారు. ఒక చప్పట్టు కొట్టి, గుక్క తిప్పుకోకుండా తాగి, మూడు చప్పట్లు కొట్టాలి. రుచి అంటారా, ఎండాకాలం చివర మా చెరువు అడుగున మిగిలిన నీళ్లే. ఐదు నిమిషాలకు నాలుక మొద్దుబారుతుంది. మొద్దుబారిన నాలుకతో కూడా వాళ్లు అర్ధరాత్రి దాకా మాట్లాడగలరు. మాట్లాడింది అంతా భూమి కౌలు, చెరుకు ధర, ఆస్ట్రేలియా పోయిన కొడుకులు. చెరుకు తీసి చెనిక్కాయలు పెడితే మా రచ్చకట్టే.

పక్క ఫిజీ పల్లెకు పోయినప్పుడు ఊరి పెద్దకు ఆ వేర్ల కట్ట ఇవ్వాలి, తలమీద టోపీ ఉంటే తీసేయాలి. నేను ఎండకు చుట్టుకున్న తువ్వాలు ఎవరూ చెప్పకముందే తీసి భుజాన వేసుకున్నాను. పెద్దాయన తెగ సంతోషించాడు. ఆ వేర్ల కట్ట ఖరీదు మాత్రం నా డార్మిటరీ లెక్కలన్నీ తలకిందులు చేసేదే. నన్ను పెట్టనివ్వలేదనుకోండి, అది వేరే సంగతి.

సముద్రం ఒడ్డున ఒంటరిగా కూర్చోవడం మాత్రం చివరిదాకా కుదరలేదు. ఒకసారి తెల్లవారుజామునే లేచి, చెప్పులు చేతపట్టుకుని తప్పించుకున్నాను. ఇసుకలో కూర్చుని పది నిమిషాలు కాకముందే వెనక నుంచి వ్యాను హారను. చాపలు దిగాయి, పప్పు గిన్నె దిగింది, పేక ముక్కలు దిగాయి. మధ్యాహ్నానికి సముద్రం అటుంది, మేమంతా ఇటు తిరిగి ఆట చూస్తున్నాం.

బయలుదేరే రోజు పెద్దాయన విమానాశ్రయంలో నన్ను పక్కకు తీసుకుపోయాడు. వచ్చే చలికాలం ఇండియా వస్తాడట. పాసులో ఉన్న ఊరు చూడాలి, పుట్టపర్తి చూడాలి, మా ఇంట్లో దిగాలి. నాలాగే తక్కువ ఖర్చుతో, ఒక్కడే.

"ఒక్కరేనా?" అన్నాను.

"ఒక్కడినే. భార్య వస్తుంది. ఆమె వస్తే మరదలు ఆగదు. పెద్దకొడుకు ఆస్ట్రేలియా నుంచి నేరుగా వస్తాడు, పిల్లలతో. పక్కింటివాళ్లకు తాజ్‌మహల్ చూడాలని ఉంది."

సరే, తెలిసిన జాగ్రత్తలన్నీ చెప్పాను. దేవనహళ్లి దగ్గరే బస్సెక్కండి, పెనుకొండలో దిగండి, చెనిక్కాయలు ఎంత ఇచ్చినా బస్సు సీటు మీద తొక్కలు రాల్చొద్దు. పుట్టపర్తి ఆటోవాడు ఎంత చెప్పినా సగమే అనండి, అని నాలుగడుగులు ముందుకు నడవండి. మా దగ్గర వెనక్కి పిలుస్తారు.