గాలికి తలుపు తీసిన బావమరిది

టెక్సాస్ హైవేల మీద అప్పుడప్పుడు ఒక వింత కనబడుతుంది. ముందు పోతున్న పికప్ ట్రక్కు వెనక తలుపు బార్లా తెరిచి ఉంటుంది. తొట్టిలో సరుకేమీ ఉండదు. పాపం మరిచిపోయాడేమోనని పక్కకొచ్చి సైగ చేస్తే, డ్రైవరు చెయ్యి ఊపి నవ్వుతాడు. అది మతిమరుపు కాదు, పొదుపు. టెయిల్‌గేట్ మూసి ఉంటే క్యాబిన్ మీంచి వచ్చిన గాలి తొట్టిలో పడి, తలుపుకి కొట్టుకుని, బండిని వెనక్కి లాగుతుందట. తలుపు దించేస్తే దాని దారిన అది పోతుందట, పెట్రోలు మిగులుతుందట. ఈ సంగతి ఆయనకి వాళ్ళ నాన్న చెప్పి ఉంటాడు. ఆ నాన్నకి బంకులో ఎవరో చెప్పి ఉంటారు.

ఈ నమ్మకానికి భక్తులు తక్కువేం కాదు. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ ఒక్కటే 1977 నుంచీ అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోతున్న ట్రక్కు. మిగతా కంపెనీలవి కూడా కలుపుకుంటే ఎన్ని తలుపులో, ఎన్ని అభిప్రాయాలో! భక్తులున్నచోట దుకాణాలు వెలుస్తాయి కదా. ఇనప తలుపు పీకేసి దాని చోట వల బిగించుకోండి, గాలి జల్లెడలోంచి పోయినట్టు పోతుంది అని వలలు అమ్మేవాళ్ళు కూడా తయారయ్యారు.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే ఒక తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఈ భక్తబృందంలో కొత్తగా చేరాడు. వారమంతా లాప్‌టాప్ ముందు కూర్చునే మనిషికి పికప్ ఎందుకయ్యా అని భార్య అడిగితే, ఇండియన్ స్టోర్ నుంచి బియ్యం బస్తాలు తేవద్దా అన్నాడు. ఇంతలో కాకినాడలో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైన బావగారు, తమ్ముణ్ణి చూసుకోడానికి వచ్చిన అక్కగారితో సహా, అక్కడ దిగారు.

"బండి వెనక తలుపు ఊడినట్టుందోయ్!"

"ఊడలేదు బావగారూ, నేనే దించాను. గాలి పోవాలి కదా."

"ఏ గాలి?"

బావమరిది దగ్గర దీనికి జవాబు లేదు. గాలి అంటే గాలే కదా, మళ్ళీ అందులో ఏ గాలి అని ఏమిటి? బావగారు మాత్రం వదల్లేదు. తలుపు మూయించి, తొట్టి వెనక మూల ఒక ఖాళీ చిప్స్ ప్యాకెట్టు పడేసి, హైవే ఎక్కించారు. నమ్మకం ప్రకారమైతే ఆ ప్యాకెట్టు తలుపుకి అతుక్కుపోవాలి. అది పొర్లుకుంటూ ముందుకొచ్చి, క్యాబిన్ గోడ దగ్గర గిరగిరా తిరగడం మొదలెట్టింది. ట్రక్కులున్న వాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది: ఎండుటాకులూ చెత్తా పోగయ్యేది తొట్టి ముందు భాగంలోనే. మన ఊళ్ళలో బొలేరో పికప్ వెనకెక్కి, క్యాబిన్‌కి ఆనుకుని కూర్చున్నవాళ్ళ జుట్టు ముఖం మీదికి ఎగరడానికీ కారణం ఇదే.

క్యాబిన్ పైకప్పు దాటిన గాలి తొట్టిలోకి దభీమని దూకలేదు. అంత వేగంలో అంత మలుపు తిరగడం దాని వల్ల కాదు. ముందే తొట్టిలో చిక్కుకున్న గాలి అక్కడే సుడి తిరుగుతూ ఉండిపోతుంది. అడుగున దాని ప్రవాహం తలుపు వైపు నుంచి క్యాబిన్ వైపుకి. పైనుంచి వచ్చే గాలి ఈ సుడి మీద ఎక్కి, తలుపు పై అంచు దాకా జారుకుంటూ వెళ్ళి, అక్కడ బండిని విడిచిపెడుతుంది. తలుపు దించారా, సుడికి ఆనుకోడానికి గోడ ఉండదు. పై గాలి ఇంకా ఏటవాలుగా కిందికి దిగుతుంది, క్యాబిన్ వెనక పీడనం పడిపోతుంది. బండిని వెనక్కి లాగేది ఎదురుగాలి ఒక్కటే కాదు, వెనకాల ఏర్పడే అల్పపీడనం కూడా. కాకినాడ మనిషికి అల్పపీడనం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. బావగారి సగం జీవితం రేడియోలో ఆ మాట వింటూనే గడిచింది.

చిప్స్ ప్యాకెట్టు సాక్ష్యం చాలదనుకునే వాళ్ళకి ఇంతకన్నా పెద్ద సాక్షులున్నారు. కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన కెవిన్ కూపర్ గాలి సొరంగంలో పికప్‌లను పరీక్షించి 2004లో ఒక పత్రం ప్రచురించాడు. తలుపు ఎత్తే ఉంచండి అని దాని పేరులోనే తీర్పు చెప్పేశాడు. మరుసటి ఏడాది టీవీలో మిత్‌బస్టర్స్ వాళ్ళు ఒకేరకం ట్రక్కులు రెండింటికి ట్యాంకులు నింపి, ఒకదాని తలుపు ఎత్తి, ఇంకోదాని తలుపు దించి రోడ్డెక్కారు. ముందు ఆగిపోయింది తలుపు దించిన బండే. తర్వాత ఇంకోసారి పరీక్షించినప్పుడు వాళ్ళ లెక్కలో వల తలుపు నెగ్గింది. వలల దుకాణాలకి అది పండగే అయి ఉంటుంది. అయినా రోడ్డు మీద చేసే ఒకటి రెండు పరీక్షల్లో ఎదురుగాలీ, డ్రైవరు కాలూ కూడా తలో చెయ్యి వేస్తాయి కాబట్టి, మనబోటివాళ్ళు సొరంగాన్ని నమ్ముకోవడమే మేలు.

నిజానికి తేడా కొండంతేమీ కాదు. తొట్టి పొడుగునీ క్యాబిన్ ఎత్తునీ బట్టి అది మారుతుంది. కానీ తయారీదార్లు ఆ కాస్తని కూడా వదులుకోరు. కొత్త ట్రక్కుల తలుపు పై అంచున చిన్న పెదవిలాంటి మలుపు కనబడుతుంది. గాలి ఎక్కడ విడిపోవాలో అక్కడే విడిపోవడానికి మలిచింది అది. 2013 రామ్ 1500 గాలి నిరోధ గుణకాన్ని కంపెనీ 0.36కి దించింది. అంత కష్టపడి మలిచిన అంచుని బావమరిది లాంటివాళ్ళు కిందికి వాల్చి, రోడ్డుకి సమాంతరంగా పెట్టి ఊరేగిస్తున్నారన్నమాట. తలుపు మీదుండే రివర్స్ కెమెరా దాంతోపాటే వాలి, పార్కింగ్ చేసేటప్పుడు నేలని శ్రద్ధగా చూపిస్తూ ఉంటుంది.

అసలు దొంగ వేగం. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆస్టిన్ నుంచి సెగీన్ వైపు పోయే స్టేట్ హైవే 130లో కొంత భాగం మీద గంటకి 85 మైళ్ళు పోవచ్చు. అమెరికాలో అంతకు మించిన వేగపరిమితి ఎక్కడా లేదు. 65 నుంచి 85కి పెంచితే గాలి నిరోధం 71 శాతం పెరుగుతుంది. తలుపు దించి రెండు చుక్కలు ఆదా చేశానని మురిసిపోతూ యాక్సిలరేటర్ తొక్కేవాళ్ళకి ఈ లెక్క చేదుగానే ఉంటుంది. ఇక బరువు. అదనంగా మోసే ప్రతి 45 కిలోలకీ మైలేజీ ఒక శాతం దాకా తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖే చెబుతోంది. బావమరిది ట్రక్కులో కిందటి వేసవి నాటి బార్బెక్యూ పొయ్యి, వాడని ఇటుకలు, ఎవరిదో సోఫా కాలు ఇంకా ప్రయాణం చేస్తూనే ఉన్నాయి.

"పోనీ, తొట్టి మీద కవరు వేయిస్తే?" అని అడిగాడు బావమరిది. కవరు వేస్తే గాలి నిరోధం తగ్గే మాట నిజమే. బావగారు కాగితం తీశారు. ఏడాదికి 12,000 మైళ్ళు, గ్యాలనుకి 20 మైళ్ళు, అంటే 600 గ్యాలన్లు. రెండు శాతం మిగిలిందనుకుంటే 12 గ్యాలన్లు. గ్యాలను మూడు డాలర్లనుకుంటే 36 డాలర్లు. కవరు వెయ్యి డాలర్లనుకుంటే ఆ డబ్బు తిరిగి రావడానికి దాదాపు 28 ఏళ్ళు.

"అప్పటికి బండి ఉంటుందంటావా?"

"బండి సంగతి తెలీదు బావగారూ, కవరుంటే వానొచ్చినా సోనా మసూరి బస్తాలు తడవవు కదా" అని బావమరిది ఫోన్ తీసి ఆర్డరు పెట్టేశాడు.