బాల వలసల మీద డిబేట్ పెట్టబోయే టీచర్లకు సలహాలు

ముందు బోర్డు మీద అంశం రాయండి: "బ్రిటన్ తన అనాథ పిల్లల్ని కెనడాకీ ఆస్ట్రేలియాకీ పంపి మేలు చేసిందా, కీడు చేసిందా?" అందరూ అనాథలే అన్నట్టు మొదలుపెట్టడం ముఖ్యం. చాలామందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారని, చచ్చిపోయారని ఆ పిల్లలకు అబద్ధం చెప్పారని ముందే బయటపడితే ఇక వాదించడానికి ఏం మిగులుతుంది?

తర్వాత కిటికీ వైపు కూర్చున్నవాళ్ళు అనుకూలం, గోడ వైపు వాళ్ళు ప్రతికూలం. ఎవరేం నమ్ముతున్నారో అడక్కండి, పీరియడ్ అయిపోతుంది.

అనుకూలం జట్టుకి సరుకు దండిగా ఇవ్వండి: లండన్ మురికివాడల ఆకలి, 1912లో పశ్చిమ ఆస్ట్రేలియాలో పింజారా దగ్గర కింగ్స్‌లీ ఫెయిర్‌బ్రిడ్జ్ తెరిచిన పొలం బడి, మంచి గాలి, కమ్మని పాలు. అక్కడి ప్రభుత్వాలకు తెల్లజాతి జనం, పనిచేసే చేతులు కావలసొచ్చిన ఊసు ఎత్తొద్దు. పుణ్యకార్యంలో లెక్కలేమిటి? ఆ రాష్ట్రంలోనే బిందూన్‌ హోములో మగపిల్లలు రాళ్ళు మోసి, వాళ్ళుండే భవనాలు వాళ్ళే కట్టారు. దాన్ని వృత్తి విద్య ఖాతాలో వేసేయండి.

ప్రతికూలం వాళ్ళకి ఏడుపు చాలు, కాగితాలు ఇవ్వకండి. ముఖ్యంగా ఆండ్రూ డోయల్ జోలికి పోనివ్వకండి. సాక్షాత్తూ బ్రిటన్ ప్రభుత్వ ఇన్‌స్పెక్టరే కెనడా పొలాలు తిరిగి, పంపేశాక పిల్లల బాగోగులు చూసే దిక్కు లేదని 1875లోనే రాసిపెట్టాడు. 1924లో బ్రిటన్ నుంచి కెనడా వెళ్ళిన మార్గరెట్ బాండ్‌ఫీల్డ్ బృందం బడి ఈడు పిల్లల్ని పంపొద్దంది. ఆ మరుసటేడు కెనడా, పద్నాలుగేళ్ళలోపు పిల్లలు తల్లిదండ్రులు లేకుండా రాకూడదంది. ఆస్ట్రేలియాకి ఓడలు మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతా నడిచాయి. 1956లో బ్రిటన్ పంపిన జాన్ రాస్ బృందం అక్కడి హోముల్ని తప్పుపట్టినా ఆగలేదు. ఇవన్నీ చదివిన పిల్లలు "ఆ రోజులు అలాంటివి, పాపం ఎవరికీ తెలీదు" అనే మాటను ఒక్క నిమిషం నిలవనివ్వరు. ఆ మాట పోతే అనుకూలం జట్టు నోరు పడిపోతుంది, పెద్దసారు ముందు మీ పరువూ పోతుంది.

నాటింగ్‌హామ్ సోషల్ వర్కర్ మార్గరెట్ హంఫ్రీస్ సంగతీ వద్దు. నెరిసిన తలలతో వచ్చి "మా అమ్మ ఎవరో వెతికిపెట్టండి" అని ఆమెను అడిగినవాళ్ళని ఏ జట్టులో కూర్చోబెడతారు?

గంట కొట్టగానే చేతులెత్తించి, గెలిచిన జట్టుకి పెన్నులివ్వండి. 2009 నవంబరు 16న ఆస్ట్రేలియా, 2010 ఫిబ్రవరి 24న బ్రిటన్ చెప్పిన క్షమాపణలు బిట్ పేపరుకి పనికొస్తాయి. తేదీకి అర మార్కు. ఎందుకు చెప్పారని ఎవరైనా అడిగితే, సిలబస్‌లో లేదనండి.